ఒకే గిన్నెలో పూర్తి భోజనం: నీళ్ళ కొలత, వేసే వరుస, మూడు వంటల తయారీ

బియ్యం, పప్పు, కూరగాయలు లేదా రొయ్యలు కలిపి ఒకే గిన్నెలో వండుకునే భోజనం నిజంగా సులువైనదే. అయితే ఆ సులువు అన్నింటినీ ఒక్కసారే గిన్నెలో వేసి మూత పెట్టడం వల్ల వచ్చేది కాదు. సాంబ మసూరి బియ్యం పావుగంటలో మెత్తబడుతుంది, కందిపప్పుకు అంతకంటే చాలా ఎక్కువ సమయం కావాలి, రొయ్యకు మూడు నాలుగు నిమిషాలు దాటితే అది గట్టిపడిపోతుంది. వీటన్నింటినీ ఒకే సమయానికి పక్వానికి తీసుకురావాలంటే రెండు విషయాలు చేతికి పట్టుబడాలి: ఎసరు కొలత, వేసే వరుస. మసాలాలు, సువాసనలు వీటి తరువాతి మాట. నెల్లూరులో గది అద్దెకు తీసుకుని చదువుకునే విద్యార్థులను, కృష్ణపట్నం వైపు షిఫ్టుల్లో పనిచేసి వచ్చేవారిని, ఇంట్లో ఒక్క పొయ్యి మీదే వండుకునేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతులను వివరంగా రాస్తున్నాను.

గిన్నె, గరిటె

ఈ వంటలకు అడుగు మందంగా ఉన్న పాత్ర తప్పనిసరి. పలుచని స్టీలు గిన్నెలో మంట తగిలిన చోట మాత్రమే వేడి ఎక్కువై, బియ్యం నుంచి దిగిన గంజి అక్కడే చేరి మాడుతుంది. మందపాటి అల్యూమినియం కుక్కర్‌లోనూ, అడుగున అల్యూమినియం పొర ఉన్న స్టీలు తపేలాలోనూ వేడి అడుగంతా సమంగా పరచుకుంటుంది. చింతపండు, టమాటా వేసిన వంటను అల్యూమినియం పాత్రలో వండితే, వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీయడం మంచిది, ఎందుకంటే పులుపు ఆ లోహాన్ని మెల్లగా కరిగిస్తుంది.

నలుగురికి వండేటప్పుడు 5 లీటర్ల కుక్కర్ సరిపోతుంది. బియ్యం, పప్పులు ఉడికేటప్పుడు ఉబ్బి నురగ కడతాయి కనుక నీళ్ళతో సహా కుక్కర్‌లో సగానికి మించి నింపరాదు. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు కందిపప్పు, ఐదు గ్లాసుల నీళ్ళు, కూరగాయలు కలిస్తే లీటరున్నర దాటుతుంది. 3 లీటర్ల కుక్కర్‌లో ఇది ప్రమాదమే. ప్రతిసారీ మూత పెట్టే ముందు ఆవిరి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తున్నదో లేదో చూడాలి. పప్పు తొక్క ఒక్కటి అడ్డుపడినా ఆవిరి సరిగా బయటకు పోదు.

గరిటె విషయంలో మన జిల్లావారికి ఒక అదృష్టం ఉన్నది. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క గరిటెలు గిన్నె అడుగుకు గీతలు పడకుండానే అంటుకున్న మసాలాను లేపుతాయి. వాటిలో అంచు బల్లపరుపుగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఒకే గిన్నె వంటలో అడుగును లేపడం ఎంత ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

ఎసరు లెక్క

ఈ వ్యాసంలో గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసు. అందులో దాదాపు 170 గ్రాముల బియ్యం పడుతుంది. బియ్యాన్ని పొడిగా ఉన్నప్పుడే కొలిచి, రెండు మూడు సార్లు కడిగి, 20 నిమిషాలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వంచేయాలి. కింద చెప్పే కొలతలన్నీ ఇలా నానబెట్టి వంచిన బియ్యానికే వర్తిస్తాయి.

ఎసరులో కొంత భాగాన్ని బియ్యం పీల్చుకుంటుంది, మిగిలినది ఆవిరిగా పోతుంది. బియ్యం పీల్చుకునే నీళ్ళు బియ్యం పరిమాణంతో పాటు పెరుగుతాయి. ఆవిరిగా పోయే నీళ్ళు మాత్రం గిన్నె వెడల్పు, మూత బిగువు, మంట మీద ఉన్న సమయం, ఈ మూడింటిని బట్టి ఉంటాయి. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళతో అన్నం చక్కగా కుదిరినవారికి, అదే లెక్కన మూడు గ్లాసుల బియ్యానికి ఆరు గ్లాసులు పోసినప్పుడు అన్నం మెత్తగా ముద్దకట్టడానికి కారణం ఇదే. మూతపెట్టిన తపేలాలో ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు, రెండు గ్లాసులకు మూడున్నర నుంచి మూడుముప్పావు, మూడు గ్లాసులకు ఐదుంబావు పోస్తే మెతుకు విడివిడిగా వస్తుంది. కుక్కర్‌లో ఆవిరి చాలా తక్కువగా పోతుంది కనుక గ్లాసుకు ఒకటిముప్పావు చాలు.

ఇక బియ్యం వయసు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరిని మనం బీపీటీ అని పిలుస్తూ ఇప్పటికీ వండుకుంటున్నాము. నెల్లూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన నెల్లూరు మసూరి కూడా అలాగే సన్నని గింజ. ఏ రకమైనా వేసవికి ముందు కోత అయి నేరుగా మిల్లు నుంచి వచ్చిన కొత్త బియ్యం త్వరగా మెత్తబడి అతుక్కుంటుంది, ఏడాది మాగిన పాత బియ్యం ఎక్కువ నీళ్ళు తాగి పొడిపొడిగా ఉడుకుతుంది. కొత్త బియ్యమైతే గ్లాసుకు పావు గ్లాసు తగ్గించి, బాగా పాతదైతే పావు గ్లాసు పెంచాలి. బస్తా మార్చిన ప్రతిసారీ ఒక గ్లాసు బియ్యాన్ని మామూలు అన్నంగా వండి చూసి, కుదిరిన కొలతను డబ్బా మీద రాసుకోవడం నా దృష్టిలో ఏ వంటల పుస్తకంలోని కొలత కంటే నమ్మదగినది. పులావులు చేయడానికి బాస్మతి కొనవలసిన అవసరం లేదని కూడా నా అభిప్రాయం. మన సన్నబియ్యం మాగినదైతే మసాలాను, రొయ్యల సారాన్ని బాగా పట్టుకుంటుంది. అయితే గింజ చిన్నది, త్వరగా విరుగుతుంది. కాబట్టి ఎసరు మరిగాక ఒకసారి మాత్రమే కలపాలి.

పెరుగు, కొబ్బరిపాలు, మగ్గని టమాటా గుజ్జు కూడా నీళ్ళ కిందే లెక్క. అవి ఎంత వేస్తే ఎసరులో దాదాపు అంత తగ్గించాలి.

పులుపు ఎప్పుడు వేయాలి

పప్పు, శనగలు, కూరగాయలు మెత్తబడడమంటే వాటి కణాల గోడలను అంటిపెట్టుకుని ఉన్న పెక్టిన్ అనే పదార్థం వేడి నీటిలో కరగడం. పులుపు ఉన్న నీటిలో అది కరగదు. అందుకే చింతపండు పులుసులో పచ్చి కందిపప్పు వేసి ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు. సున్నపు గుణం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళతోనూ ఇదే ఇబ్బంది. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు గట్టివి కనుక, అక్కడివారు పప్పును, శనగలను తాగే నీళ్ళలోనే నానబెట్టి, ఆ నీళ్ళతోనే వండుకోవడం మంచిది. వంటసోడా వేస్తే త్వరగా ఉడికే మాట నిజమే కాని రుచి చెడుతుంది, బి1 విటమిన్ కూడా నశిస్తుంది. కాబట్టి దాన్ని నేను సిఫారసు చేయను. చింతపండు, టమాటా, గోంగూర, పచ్చి మామిడి, నిమ్మరసం వేటినైనా పప్పు ఉడికాకే వేయాలన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన నియమం. నిమ్మరసమైతే పొయ్యి ఆర్పాక వేయాలి, ఎందుకంటే మరిగితే దాని సువాసన పోయి చేదు మిగులుతుంది.

కందిపప్పు, కూరగాయలు కలిపిన అన్నం

మొదట నేర్చుకోవలసినది ఇదే. ఇది మెత్తగా ఉండవలసిన వంట కనుక నీళ్ళ కొలతలో కాస్త తేడా వచ్చినా పాడుకాదు. ఒక గ్లాసు బియ్యాన్ని, అర గ్లాసు కందిపప్పును కలిపి కడిగి అరగంట నానబెట్టాలి. ములక్కాయ ఒకటి, సొరకాయ ముక్కలు ఒక గుప్పెడు, క్యారెట్ ఒకటి, వంకాయలు రెండు, ఉల్లిపాయ ఒకటి సిద్ధం చేసుకోవాలి. ములక్కాయను వేలెడు పొడవు ముక్కలుగా, సొరకాయను, వంకాయను పెద్ద ముక్కలుగా, క్యారెట్‌ను చిన్నగా కోయాలి, ఎందుకంటే త్వరగా ఉడికేవి పెద్దవిగా, ఆలస్యంగా ఉడికేవి చిన్నవిగా ఉంటేనే అన్నీ ఒకేసారి మెత్తబడతాయి.

కుక్కర్‌లో రెండు చెంచాల నెయ్యి వేడిచేసి ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు వేసి తాలింపు చిటపటలాడాక ఉల్లిపాయ ముక్కలు వేసి రంగు మారే వరకు వేయించాలి. కూరగాయలు, పావు చెంచా పసుపు వేసి రెండు నిమిషాలు కలిపి, వంచిన బియ్యం, పప్పు, ఐదు గ్లాసుల నీళ్ళు చేర్చాలి. ఉప్పు ఇప్పుడే వేయవచ్చు. చింతపండు మాత్రం వేయకూడదు. మూత పెట్టి మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి 10 నిమిషాలు ఉంచి ఆర్పాలి. విజిళ్ళను లెక్కపెట్టడం కంటే నిమిషాలను లెక్కపెట్టడం మేలు, ఎందుకంటే విజిళ్ళు మంటను బట్టి, కుక్కర్‌ను బట్టి మారిపోతాయి. ఆవిరి పీడనం కారణంగా కుక్కర్‌లో నీళ్ళు దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతాయి. కాబట్టి మంట తగ్గించినంత మాత్రాన ఉడకడం ఆగదు.

ఆవిరి దానంతట అదే పోయాక మూత తీసి, గరిటెతో ఒకసారి మెదిపి, నిమ్మకాయంత చింతపండు నుంచి తీసిన పులుసు, రెండు చెంచాల సాంబారు పొడి, కొంచెం బెల్లం, అవసరమైతే ఒక గ్లాసు వేడినీళ్ళు కలిపి సన్నని మంట మీద ఏడెనిమిది నిమిషాలు ఉడికించాలి. ఈ దశలో అడుగును గరిటెతో తరచు లేపుతూ ఉండాలి. చింతపండు పచ్చివాసన పోయి, పైన నెయ్యి కనిపించినప్పుడు దింపాలి. చల్లారే కొద్దీ ఇది గట్టిపడుతుంది కనుక పొయ్యి మీద ఉన్నప్పుడు కాస్త జారుగానే ఉండాలి. అప్పడాలు, ఊరమిరపకాయలు దీనికి సరైన జోడి.

రుబ్బేది, ఫ్రిజ్‌లో పెట్టేది ఏదీ లేకపోవడం ఈ వంటలోని మరో సౌకర్యం. నవంబరు, డిసెంబరు నెలల్లో తుపాన్లు పట్టినప్పుడు, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటినప్పటిలా కరెంటు లేని రోజుల్లో, ఇంట్లో ఉన్న పప్పు, బియ్యం, ఒకటి రెండు కూరగాయలతో ఇంటిల్లిపాదికీ వేడి భోజనం పెట్టవచ్చు.

శనగల టమాటా పులావు

ప్రకాశం జిల్లా నల్లరేగడి నేలల్లో పండే కాబూలీ శనగలు దీనికి బాగుంటాయి. ముప్పావు గ్లాసు శనగలను ఒక చెంచా ఉప్పు కలిపిన లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. ఉప్పు తొక్కను మెత్తబరుస్తుంది. ఉదయం ఆ నీళ్ళు పారబోసి, శనగలను కుక్కర్‌లో మునిగేంత మంచినీళ్ళు పోసి, మొదటి విజిల్ తరువాత సన్నని మంట మీద పావుగంట ఉడికించాలి. ఏడాది దాటిన శనగలకు మరో ఐదారు నిమిషాలు పట్టవచ్చు. వేళ్ళ మధ్య నొక్కితే నలగాలి. నలగని శనగ తరువాత టమాటాలో కలిశాక ఇక మెత్తబడదు.

శనగలను, ఉడికిన నీళ్ళను వేర్వేరుగా తీసిపెట్టుకుని, అదే కుక్కర్‌లో నూనె, దాల్చినచెక్క, లవంగాలు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి, నాలుగు టమాటాలు చేర్చి, గుజ్జులోంచి నూనె తేలే వరకు మగ్గించాలి. శనగలు ఉడికిన నీళ్ళతోనే ఎసరు కొలవాలి, ఆ నీళ్ళలో చాలా రుచి ఉంటుంది. రెండు గ్లాసుల బియ్యానికి మూడున్నర గ్లాసులు పోసి, అడుగు లేపి, మరిగాక బియ్యం, శనగలు, కొత్తిమీర వేసి మూత పెట్టి, విజిల్ వచ్చాక సన్నని మంట మీద నాలుగు నిమిషాలు ఉంచి ఆర్పాలి.

రొయ్యల పులావు

నెల్లూరు తీరంలో దొరికే రొయ్యలతో ఒకే గిన్నె భోజనం చేయడం రుచిలో అన్నింటికంటే గొప్పది, జాగ్రత్తలో కూడా అన్నింటికంటే ఎక్కువ పని కోరేది. రొయ్యలను బియ్యంతో పాటే ఉడికించడం వల్ల అవి రబ్బరులా సాగుతాయి, అన్నానికి వాటి రుచి కూడా పూర్తిగా పట్టదు. ఈ రెండు లోపాలకూ మార్గం ఒకటే: సారం తలల నుంచి, డిప్పల నుంచి తీయాలి, మాంసాన్ని చివర్లో చేర్చాలి.

తలలతో ఉన్న రొయ్యలు ముప్పావు కిలో తెస్తే ఒలిచాక దాదాపు 400 గ్రాములు మిగులుతాయి. వెనామీ అయినా టైగర్ అయినా డిప్ప బిగువుగా ఉండాలి, తల వదులుగా వేలాడకూడదు, అమోనియా వాసన రాకూడదు. ఒలిపించి తెచ్చుకునేవారు తలలను, డిప్పలను కూడా అడిగి తెచ్చుకోవాలి. ఇంటికి వచ్చిన వెంటనే శుభ్రం చేయడం కుదరకపోతే మంచులో ఉంచాలి. వీపు మీద కత్తితో గాటు పెట్టి నల్లని నరం తీసి, ఉప్పు, పసుపు వేసి కడిగి, నీళ్ళు పూర్తిగా ఓడ్చాలి. తలల్లో కళ్ళ వెనుక ఉన్న నల్లని సంచిని తీసివేయకపోతే సారం చేదెక్కుతుంది. ఓడ్చిన రొయ్యలకు చెంచా కారం, అర చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు, అర చెక్క నిమ్మరసం పట్టించి పావుగంట మాత్రమే ఉంచాలి. ఎక్కువసేపు ఉంచితే పులుపుకే మాంసం గట్టిపడడం మొదలవుతుంది.

బియ్యం రెండు గ్లాసులు నానబెట్టి, అదే సమయంలో తపేలాలో చెంచా నూనె వేసి, తలలు, డిప్పలు ఎర్రబడి కమ్మని వాసన వచ్చే వరకు నాలుగైదు నిమిషాలు వేయించాలి. నాలుగున్నర గ్లాసుల నీళ్ళు పోసి పావుగంట మరిగించి, గరిటెతో తలలను నొక్కుతూ వడకట్టాలి. మూడున్నర గ్లాసుల సారం రావాలి. తగ్గితే వేడినీళ్ళు కలపాలి, ఎక్కువైతే కొలిచిన మేరకే వాడాలి. పావుగంటకు మించి మరిగించనవసరం లేదు, ఎందుకంటే ఆ తరువాత సువాసన ఆవిరితో పాటే పోతుంది.

తపేలా కడిగి, మూడు చెంచాల నూనె, ఒక చెంచా నెయ్యి వేడిచేసి, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, రెండు ఏలకులు, బిర్యానీ ఆకు వేసి, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, చీల్చిన నాలుగు పచ్చిమిరపకాయలు చేర్చి ఉల్లి ఎర్రబడే వరకు ఓపికగా వేయించాలి. పులావుకు రంగు, తీపి రెండూ ఈ ఉల్లి నుంచే వస్తాయి కనుక ఇక్కడ తొందరపడకూడదు. చెంచాన్నర అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయాక మంట పెంచి రొయ్యలు వేయాలి. అవి కాస్త వంగి, పారదర్శకత పోయి ఎర్రబారడానికి రెండు నిమిషాలు చాలు. లోపల ఇంకా కొంచెం పచ్చిగా ఉండగానే రొయ్యలను మాత్రం తీసి మూతపెట్టిన గిన్నెలో ఉంచి, అడుగున మిగిలిన రసాన్ని తపేలాలోనే వదలాలి.

ఆ రసంలో ఒక టమాటా, గుప్పెడు పుదీనా, గుప్పెడు కొత్తిమీర, రెండు చెంచాల ధనియాల పొడి వేసి మగ్గించి, సారం పోసి, చెక్క గరిటెతో అడుగంతా గీకి అంటుకున్న మసాలాను ఎసరులో కలపాలి. అలా లేపకపోతే ఆ పొరే ముందుగా మాడి పులావు మొత్తానికి వాసన పట్టిస్తుంది. మరిగే ఎసరును రుచి చూస్తే ఉప్పు ఒక పిసరు ఎక్కువగా అనిపించాలి, ఎందుకంటే బియ్యం పడ్డాక అది సరిపోతుంది. వంచిన బియ్యం వేసి ఒక్కసారి కలిపి, మూత లేకుండా పెద్ద మంట మీద ఉడకనిచ్చి, ఎసరు బియ్యం మట్టానికి దిగి పైన చిన్న చిన్న గుంటలు కనిపించగానే మంటను బాగా తగ్గించి గట్టిగా మూత పెట్టాలి. తపేలా అడుగు పలుచనిదైతే కింద పెనం పెట్టడం క్షేమం. 10 నిమిషాల తరువాత మూత తీసి, రొయ్యలను, వాటి నుంచి ఊరిన రసంతో సహా పైన పరచి, వెంటనే మూత పెట్టి మరో మూడు నిమిషాలు సన్నని మంట మీద ఉంచి ఆర్పాలి. ఆ తరువాత 10 నిమిషాలు మూత తీయకుండా ఉమ్మగిల్లనివ్వాలి. మెతుకు లోపలి తేమ సర్దుకుని విరగకుండా నిలబడేది ఈ సమయంలోనే కనుక, ఆకలి ఎంత ఉన్నా ఈ దశను వదలకూడదని గట్టిగా చెబుతున్నాను. చివరగా పొదలకూరు నిమ్మకాయ ఒకటి పిండి, అంచుల నుంచి మధ్యకు అన్నాన్ని తిప్పి వడ్డించాలి. ఇంటికి వచ్చిన అతిథులలో రొయ్యలు పడనివారు ఉన్నారేమో వండే ముందే అడగాలి, ఎందుకంటే రొయ్యలను తీసి పక్కన పెట్టినా సారం అన్నమంతటా ఉంటుంది.

కొర్రలతో

పై పద్ధతులలో బియ్యానికి బదులు కొర్రలు వాడదలచినవారు వాటిని కనీసం రెండు గంటలు నానబెట్టి, తపేలాలో గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు పోయాలి. కొర్ర గింజ చిన్నది కనుక మట్టిబెడ్డలు, ఇసుక లేకుండా గాలించడం అవసరం. సగం పెసరపప్పు చేర్చి, మిరియాలు, జీలకర్ర, నెయ్యితో పులగంలా మెత్తగా వండితే బాగుంటుంది. పప్పు కలిపినప్పుడు గ్లాసుకు నాలుగు గ్లాసుల నీళ్ళు కావాలి.

తేడా వచ్చినప్పుడు, మిగిలినప్పుడు

మూత తీశాక మెతుకులో పలుకు కనిపిస్తే చన్నీళ్ళు పోయకూడదు. పావు గ్లాసు మరిగే నీళ్ళను అన్నమంతటా చిలకరించి, మూత పెట్టి ఐదు నిమిషాలు సన్నని మంట మీద ఉంచాలి. మెత్తబడిపోయినట్లయితే కలపకుండా వెడల్పాటి పళ్ళెంలోకి తీసి ఆరబెట్టాలి. అడుగు మాడిన వాసన వచ్చిన వెంటనే గరిటె పెట్టకుండా పై భాగాన్ని మాత్రమే వేరే గిన్నెలోకి తీసేస్తే మిగిలినదంతా దక్కుతుంది.

ఉడికిన అన్నంలో కొన్ని సూక్ష్మజీవుల బీజాలు వేడికి చావకుండా మిగిలి, గది వేడిలో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. రోహిణి కార్తె ఎండల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. పప్పు, రొయ్యలు కలిసిన అన్నాన్ని రాత్రంతా బయట ఉంచరాదు. మిగిలినదాన్ని లోతు తక్కువ గిన్నెల్లో పలుచగా పరచి, రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరుసటి రోజు తినేంత మాత్రమే తీసి, కొంచెం నీళ్ళు చిలకరించి, పొగలు వచ్చేంత వరకు వేడిచేసుకోవాలి. కరెంటు ఎక్కువసేపు పోయే రోజుల్లో మాత్రం ఒక పూటకు సరిపడినంతే వండుకోవాలి.